ఏసోబు మామ కాలికెక్కిన గండపెండేరం

పోయిన నెల మా ఊరి దర్బారు బృందం వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పడింది. "బిరుదులు, సన్మానాలు ఇచ్చే అధికారం ఎవరికి ఉండాలె? రాజు వేషం కట్టినోళ్లకా, కమిటీకా, ముఖ్య అతిథికా? పాత సభ్యులు గూడ అభిప్రాయం రాయగలరు." బృందాన్ని రిజిస్టరు చేయిస్తున్నారట, నియమావళిలో ఆ మాట రాయాలట. కింద చాలామంది దండం పెట్టే బొమ్మలు పెట్టారు, ఒకాయన గులాబీ పువ్వు పెట్టాడు, జవాబు మాత్రం ఎవరూ రాయలేదు. నేను పాలమూరులో మా గురుకులం పిల్లల పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నదాన్ని, పెన్ను పక్కన పెట్టి జవాబు టైపు చేయబోయాను. రాశాను, చెరిపాను, మళ్లీ రాశాను, మళ్లీ చెరిపాను. ఈ ప్రశ్నకు మా ఊళ్లో ఇదివరకే ఒకసారి జవాబు దొరికింది. దొరికిన రోజు నేను అక్కడే ఉన్నాను, అసలు గొడవంతా నా వల్లే వచ్చింది. అది ఫోనులో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు దేవరకొండ గుట్టకు ఈవలి పక్క. కోట గోడలు మా ఇంటి వాకిట్లోంచి కనబడతాయి. చిన్నప్పుడు మాకు అది చరిత్ర అని ఎవరూ చెప్పలేదు, మేకలు ఎక్కితే దించడానికి కష్టమైన గుట్ట అని మాత్రమే తెలుసు. రాష్ట్రం వచ్చిన కొత్తలో అందరికీ ఒక ఊపు వచ్చింది. మన మాట, మన పండుగ, మన కథ అని ఎక్కడ చూసినా అదే ముచ్చట. అప్పటికి రిటైరై ఇంట్లో కూర్చున్న మా తెలుగు పంతులు రాఘవులు సారు ఒక కొత్త నోటుబుక్కు కొని, పూర్వం ఆ కోటలో రాజు కొలువు ఎట్లా జరిగి ఉంటుందో ఊహించి దర్బారు ఆట రాశారు. రాజు, మంత్రి, సేనాపతి, బంట్లు, మొర పెట్టుకునే రైతులు, అందరూ ఊరివాళ్లే. కోట దిగువ బయల్లో కరెంటు లేదు కనుక ఏరువాకకు ముందు ఒక రోజు ఎండ తగ్గుముఖం పట్టాక పగలే ఆడేవాళ్లం. ఆట చివర అసలు ఘట్టం ఉంటుంది. ఆ ఏడు ఊరికి మేలు చేసిన ఒక మనిషికి రాజు గండపెండేరం తొడుగుతాడు, అంటే పూర్వం పండితులకో వీరులకో కాలికి వేసి గౌరవించే కడియం. అది పుచ్చుకునేవాడు వేషగాడు కాదు, నిజం మనిషే. మొదటి ఏడు బోరు మోటార్లు బాగుచేసే రాములుకు ఇచ్చారు. ఆయనను ఇప్పటికీ ఊళ్లో పెండేరం రాములు అనే అంటారు, బ్యాంకులో కూడా అట్లనే పిలిచారని ఒకసారి గొప్పగా చెప్పుకున్నాడు.

ఆ పెండేరం మా అవ్వ కడియం. మాది గొర్ల కాపరుల ఇల్లు. మా వాకిట్లో ఎప్పుడూ గొర్ల దొడ్డి వాసన, తడిసిన గొంగడి వాసన, పొద్దుటి పూట కాలుతున్న జొన్నరొట్టె వాసన కలిసి ఉండేవి. బడిలో పిల్లలు ముక్కు మూసుకుంటే ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఎక్కడన్నా వానకు తడిసిన ఉన్ని వాసన తగిలితే ఆగి నిలబడతాను. అవ్వకు పెండ్లినాడు వాళ్ల అత్త ఆముదం రాసి రెండు కాళ్లకూ బొటనవేలంత లావు వెండి కడియాలు తొడిగిందట. జీవితమంతా ఆమె వాటితోనే నడిచింది, వాటితోనే గొర్ల వెంట గుట్టలెక్కింది. ముసలితనం వచ్చి కాళ్లు సన్నబడ్డాక ఒక పొద్దున దొడ్డి ఊడుస్తుంటే ఒకటి దానంతటదే జారి పెంటలో పడింది. "ఇన్నేండ్లకు ఇడిసిపెట్టింది" అని నవ్వి, రెండోది కూడా తీసి సందుగలో పెట్టింది. రాఘవులు సారు వాటిలో ఒకదాన్ని అడగడానికి స్వయంగా మా ఇంటికి వచ్చి, తమ పాదాభరణమును కొలువు నిమిత్తం దయచేయవలసిందిగా అని మొదలుపెట్టారు. అవ్వ నా దిక్కు చూసి "ఏం గావాల్నంటడే?" అంది. నీ కడియం అడుగుతున్నారని చెప్పాను. "గా ముక్క చెప్పనికె గంత సుట్టు తిరుగుతడేంది" అని లోపలికి పోయి తెచ్చి ఇచ్చింది. ప్రతి ఏడూ దర్బారుకు ముందు రోజు గడప మీద కూర్చుని, చింతపండుతో దాన్ని తోమి, కొంగుతో తుడిచి, నూనె చెయ్యి రాసి పంపేది. ఆట అయ్యాక అది మళ్లీ సందుగలోకి వచ్చేది.

ఇక ఏసోబు మామ. చర్చి వాడకట్టులో మిషను కుట్టేవాడు. వాళ్ల నాయిన పటేలు దగ్గర జీతం చేసినవాడు, సెంటు భూమి లేని ఇల్లు. మామ మాత్రం చిన్నప్పుడే దేవరకొండలో ఒక దర్జీ దగ్గర కుదిరి పని నేర్చుకుని వచ్చాడు. మా నాయిన ఆయనను బావ అనేవాడు, నేను మామ అనేదాన్ని, ఆయన మా అవ్వను అత్తా అనేవాడు. పిలుచుకునే వరస అంత దగ్గరిదైనా మా ఇంట్లో ఆయనకు చాయ గ్లాసు వేరే ఉండేది. వసారా గూట్లో బోర్లించి పెట్టేది అవ్వ. ఆయన తాగి, తనే కడిగి, తనే బోర్లించి పోయేవాడు. రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ అవ్వ గురించి రాస్తూ దాన్ని దాస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది. దర్బారు బట్టలన్నీ ఆయనే కుట్టాడు. చర్చిలో పాతబడిన ఎర్ర మఖ్మల్ తెరను పాస్టరుగారిని అడిగి తెచ్చి రాజు అంగీ చేశాడు. పెండేరం పెట్టే పళ్లేనికి అదే మఖ్మల్ ముక్కతో చిన్న మెత్త కుట్టాడు. ఏటా ఆ బట్టలు సరిచేసేటప్పుడు మిషను మీంచి కళ్లు ఎత్తకుండా అడిగేవాడు, "ఈసారి ఎవలికిస్తుండ్రట బిడ్డా?" అని. నేను పేరు చెప్పేదాన్ని. "మంచిగుంది" అనేవాడు. ఆ మంచిగుంది వింటే నాకు ఎందుకో కోపం వచ్చేది.

పేర్లు నిర్ణయించేది రాఘవులు సారే. ఎర్ర సిరాతో నోటుబుక్కులో రాసేవారు. మామ పేరు ఎందుకు రాదని ఒకసారి అడిగాను. "బృందంలోని వారు ఇచ్చేవారమ్మా, పుచ్చుకునేవారు కారాదు" అన్నారు. పెండేరం రాములు మా ఆటలో బల్లెం పట్టిన బంటు అన్న సంగతి సారుకు గుర్తులేదో, గుర్తుండీ లెక్కలోకి రాలేదో. నాకు పదహారేండ్లు, ఇంటర్ చదువుతున్నాను, అడిగే నోరు ఉంది కానీ రెండోసారి అడిగే ధైర్యం లేదు. సారు చెడ్డవారు కాదు. ఫీజు కట్టలేని పిల్లలకు తన పెన్షనులోంచి కట్టేవారు. ఆ ఒక్కచోట ఆయన కన్ను ఆనలేదు, అంతే.

ఆటలో నా పని తెర వెనక నోటుబుక్కు పట్టుకుని మాటలు అందించడం. అందుకే రాజు మాటలు రాజుకన్నా నాకే బాగా వచ్చు. రాజు వేషం మా లింగయ్య చిన్నాయనది. లారీ డ్రైవరు, ఆరడుగుల మనిషి, మీసం కూడా సొంతదే. నేను చెప్పే ఏడు ఆయన నకిరేకల్‌కు నిమ్మకాయల లోడు తీసుకుపోయి, వచ్చేటప్పుడు కట్టంగూర్ దగ్గర లారీ ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. జనమంతా బయల్లో కూర్చున్నారు, డప్పులు మోగుతున్నాయి, రాజు లేడు. సారు నన్ను పిలిచి కిరీటం చేతిలో పెట్టారు. "ఆడపిల్ల రాజేంది సారూ" అని ఎవరో అంటే, "ఈ నేలను ఆడది ఏలిన కాలం ఉన్నది" అని కసిరారు. తర్వాత నా వైపు తిరిగి, "భయపడకు. రాజు మనిషి కాదు, స్థానం. గద్దె మీద కూర్చున్నవారి మాటే మాట" అన్నారు. కాటుకతో మీసం దిద్దారు. కిరీటం చెవుల దాకా దిగింది, అంగీ నేల మీద ఈడుస్తోంది. గద్దె అంటే మా బడి హెడ్మాస్టరు కుర్చీకి బంగారు రంగు కాగితం అంటించింది. అయినా దాని మీద కూర్చున్నాక ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. మొరలు విన్నాను, శిక్షలు వేశాను, ఈలలు పడ్డాయి.

చివరి ఘట్టం వచ్చింది. ఆ ఏడు నోటుబుక్కులో ఉన్న పేరు మాకు షామియానా, మైకు సెట్టు ఇప్పించిన ఒక పెద్దమనిషిది. ఆయన ఇంకా రాలేదు. బంటు మూడుసార్లు కేక వేశాడు. సారు పక్క నుంచి "కాలయాపన చెయ్యి, కాలయాపన" అని గొణుగుతున్నారు. నేను లేచి నిలబడబోయి అంగీ అంచు తొక్కి తూలాను. ఏసోబు మామ సూదీ దారం పళ్ల మధ్య పట్టుకుని తెర వెనక నుంచి గబగబా వచ్చి, నా ముందు కూర్చుని అంచు మడిచి టాకాలు వేయడం మొదలుపెట్టాడు. చెప్పులు తెర వెనకే విడిచి వచ్చాడు. మిషను తొక్కే కుడికాలు, మడమ పగిలి, నా ముందు చాపి ఉంది. దూరంగా రోడ్డు మీద దుమ్ము లేవడం గద్దె మీది నుంచి నాకు కనబడింది. కారు వస్తోంది. పళ్లెంలోంచి పెండేరం తీసుకున్నాను. "ఈ గండపెండేరమును మా స్వహస్తములతో తొడుగుచున్నాము" అని గట్టిగా చెప్పి, ఆ కాలికి తొడిగేశాను. అవ్వ రాసిన నూనె ఉండనే ఉంది. మడమ దగ్గర ఒక్క క్షణం ఆగింది, నొక్కాను, ఎక్కింది. మామ "అబ్బా" అన్నాడు. సూది ఇంకా అంగీ అంచులోనే ఉంది, కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. జనం చప్పట్లు కొట్టారు.

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఏ ఏడూ పెండేరం ఎవరి కాలికీ తొడగలేదు. అవ్వ కడియం మగవాళ్ల కాలికి పట్టదు కనుక, రాజు దాన్ని బొటనవేలికి తాకించి పళ్లెంలో పెట్టేసేవాడట. నేను తెర వెనక ఉండేదాన్ని. నాకు మాటలు తెలుసు, చేతులు ఏం చేస్తాయో ఎప్పుడూ చూడలేదు. తొడుగుచున్నాము అని ఉంటే తొడగడమే అనుకున్నాను. పెద్దమనిషి కారు దిగి వచ్చాడు, శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో దిగి ఖుషీగా పోయాడు. పెండేరం అనేది ఒకటుందని కూడా ఆయనకు తెలిసినట్టు లేదు. ఆయనకు లేని బాధ మా బృందానికి వచ్చింది.

మరునాడు పొద్దున బడి వసారాలో మీటింగు. లింగయ్య చిన్నాయన ఇల్లు చేరి కాళ్లు కడుక్కున్నాడో లేదో, నేరుగా అక్కడికే వచ్చాడు. "రాజును నేను. నేను కట్టంగూర్ల లారీ కింద పండుకోని నట్లు బిగిస్తుంటె ఈడ పెండేరం ఎట్లిస్తరు?" అన్నాడు. ఇంకొకాయన "రాజెవలైతేంది, సారు బుక్కుల పేరు లేదు గద, చెల్లదు" అన్నాడు. "బుక్కుల ఉంటె ఇగ రాజెందుకు?" అని ఇంకెవరో. సారు కళ్లద్దాలు తీసి తుడుస్తూ కూర్చున్నారు. గద్దె మాటే మాట అన్నది ఆయనే, పేరు రాసింది కూడా ఆయనే. చివరికి నన్ను నిలబెట్టి అడిగారు. "అమ్మాయీ, కావాలని తొడిగినవా, పొరపాటున తొడిగినవా?" మామ మూలన స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. కాలు వాచి, కడియం చుట్టూ ఎర్రగా ఉంది. అందరూ నా వైపే చూస్తున్నారు. నా మీద కిరీటం లేదు, కాటుక మీసం కడిగేసుకున్నాను. "తొందర్ల ఏం తోచలె సారూ. ఎదురుంగ కాలు కనబడ్డది, తొడిగిన" అన్నాను. ఆ మాట అంటూ మామ దిక్కు చూడలేకపోయాను. నా బతుకులో నేను ఆడిన అబద్ధాలు చాలా ఉన్నాయి, వాటిలో తలుచుకుంటే ఒళ్లు కుంచించుకుపోయేది ఇదొక్కటే.

"గదే గద, పొరపాటు" అని అందరికీ ప్రాణం కుదుటపడింది. మామ ముందుకు వచ్చి కాలు చాపాడు. "నాకేం లేదు సారూ, తీస్కోండ్రి" అన్నాడు. సబ్బు పెట్టారు, నూనె పెట్టారు, ఇద్దరు పట్టి లాగారు. రాలేదు. "దేవరకొండల ఔసలాయన దగ్గరికి తీస్కపోయి కోపిద్దాం" అన్నాడు చిన్నాయన. కంసాలితో కొయ్యించడం అనేసరికి ఎవరికో ఇది మల్లవ్వ కడియం కదా అని గుర్తొచ్చి, మా అవ్వకు కబురు పోయింది.

అవ్వ కర్ర పొడుచుకుంటూ, భుజం మీద గొంగడితో వచ్చింది. "ఏందిరా, నా కడెం కోస్తరట?" అంది. సంగతి చెప్పారు. అంతా విని, కర్ర పక్కన పెట్టి, మామ ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఏదీ అల్లుడా, కాలు ఇటియ్యి" అంది. మామ కాలు వెనక్కి తీసుకున్నాడు. "వద్దత్తా, నువ్వు ముట్టుడేంది" అన్నాడు. "ఇయ్యమంటున్న గద" అని ఆయన కాలు పట్టి తన ఒడిలో పెట్టుకుంది. వెనక ఎవరో "గిదేం పనే అవ్వా" అన్నారు. తల తిప్పకుండానే, "అల్లుని కాళ్లు అత్త పట్టదా? మీ ఇండ్లళ్ల పెండ్లిళ్లు గావా?" అంది. సబ్బు నురగను కొంగుతో తుడిచింది. కడియాన్ని వేలితో తిప్పి చూసింది, తిరగలేదు. అప్పుడు అందరి దిక్కు చూసి అంది. "ఇది నాకు మా అత్త తొడిగింది. ఆమె రాజు గాదు, మంత్రి గాదు. గొర్లకాడి ముసల్ది. ఆమె తొడిగితె చెల్లదని ఎవలన్నరు? ఇచ్చే హక్కు ఎవలిదో మీరు తీరిగ్గ తేల్చుకోండ్రి. తీసే హక్కు మాత్రం మీకెవలికి లేదు. కడెం నాది." అవ్వ మామను "నొస్తుందా?" అని అడిగింది. "జర బిగుసుంది అత్తా." "బిగుస్తది. వారం దినాలు ఆముదం పెట్టు. ఊడనికె గాదు, తిరగనికె" అని చెప్పి, నా భుజం పట్టుకుని లేచింది. సారు నోటుబుక్కు తెరిచి ఎర్ర సిరా పెన్ను తీసి, "నీ పూర్తి పేరేమిటయ్యా?" అని అడిగారు. ఒకే ఊళ్లో అన్నేండ్లు బతికి, ఆయన ఇంటిపేరు మేమందరం ఆ రోజే విన్నాం.

అప్పటినుంచి మామ మిషను తొక్కుతుంటే పెడలుకు కడియం తగిలి టంగుమనేది. సందుగలో ఒకటే మిగిలింది, జోడు విరిగిందే అని ఎవరన్నా అంటే అవ్వ "రెండోది ఊర్ల తిరుగుతాంది" అనేది. చాయ గ్లాసు మాత్రం ఆ మీటింగుతో పోలేదు. ఇంకా కొన్ని నెలలు గూట్లోనే ఉంది. ఒకనాడు నేనే మా ఇంటి స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను, అవ్వ చూసింది, ఏమీ అనలేదు, ఆ తర్వాత అదే అలవాటైంది. అవ్వ పోయినప్పుడు మామ పాడె వెంట చివరి దాకా నడిచాడు.

ఇప్పుడు మా దర్బారు పెద్దదైంది. లైట్లు వచ్చాయి, ఫ్లెక్సీలు వచ్చాయి, ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం వచ్చింది. అద్దం లాంటి ప్లాస్టిక్ మెమెంటోలు డబ్బాలకొద్దీ వస్తాయి, వేదిక మీద ఉన్నవాళ్లందరికీ ఇచ్చి ఇంకా మిగులుతాయి. పెండేరం బదులు ఎవరి కాలికైనా పట్టే ఇత్తడి కడియం ఒకటి చేయించారు. రాఘవులు సారు కాలం చేశారు, ఆయన నోటుబుక్కు ఫోన్లలో తిరుగుతోంది, అందులో తొడుగుచున్నాము అన్నచోట అందజేయుచున్నాము అని దిద్ది ఉంది. అప్పుడంతా మంచిగా ఉండేదని, ఇప్పుడంతా పాడైందని నేను అనను. అప్పుడు గూట్లో ఆ గ్లాసు ఉండేది. ఇప్పుడు మా పాత బడిలో చదివిన చర్చి వాడకట్టు పిల్ల సేనాపతి వేషం వేసి కత్తి తిప్పుతుంటే ఊరంతా ఈల వేస్తోంది. కానీ ఒక మనిషికి ఒక గౌరవం ఇవ్వాలంటే అప్పట్లో మా ఊరు ఒక పొద్దంతా తన్నుకుంది. ఇప్పుడు ఎవరికి ఇచ్చారో మరునాటికి ఇచ్చినవాళ్లకే గుర్తుండదు.

జవాబు రాయడం చేతగాక పోయిన ఆదివారం ఊరికి పోయాను. ఏసోబు మామ చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, మిషను ముందు కూర్చున్నాడు. అందరూ రెడీమేడ్లు వేసుకుంటున్నారు కనుక ఇప్పుడు ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు వేయడమే పని. మిషను నూనె వాసన మాత్రం అదే. కాలు సన్నబడింది, కడియం జారకుండా లోపల ఎర్ర మఖ్మల్ పేలిక చుట్టుకున్నాడు. గ్రూపులో వచ్చిన ప్రశ్న చదివి వినిపించాను. నవ్వాడు. "రాజుదే అని రాయి. ఇంకెవలది?" అన్నాడు. కొంచెంసేపు సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడు. అది ఎక్కలేదు. నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు బిడ్డా" అన్నాడు. "గా దినం మీటింగుల తొందర్ల తొడిగిన అన్నవు. నిజమేనా?"

"కాదు మామా. అబద్ధం చెప్పిన. నిన్ను చూసే తొడిగిన. కారు వస్తుంది, వచ్చేలోపల్నే తొడగాల్నని తొడిగిన. అందరి ముంగట చెప్పనికె భయమైంది."

మామ నా ముఖంలోకి చూశాడు. ఆ కడియం కాలికి పెట్టుకుని ఇన్నేండ్లు ఈ అనుమానంతోనే నడిచాడని నాకు అప్పుడు అర్థమైంది.

"ఇది రాజు చెప్తుండా, మా మంజుల చెప్తుందా?"

"మంజులనే మామా."

"గట్లయితె చెల్లుతది" అన్నాడు.